బావిలో ఏం పోశారు? చమురు తవ్వకాలు, రసాయనాల గుట్టు, మన తెలుసుకునే హక్కు

(నీళ్ళు, కులం: నాలుగో భాగం)



గత మూడు భాగాల్లో నీళ్ళని ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అన్న చరిత్ర రాశాను. ఈసారి ప్రశ్న కొంచెం వేరు. ఆ నీళ్ళలో ఏం కలిసిందో తెలుసుకునే హక్కు ఎవరిది? ఈ ప్రశ్న కోసం కోనసీమ చమురు బావుల దగ్గరికి వెళ్ళాలి. పెద్ద పోస్టే. తీరిక చేసుకుని చదవండి. చదివాక మీ హాస్టల్లో, మీ స్టడీ సర్కిల్లో చర్చకు పెట్టండి.

అమీర్‌పేట అంటే సాఫ్ట్‌వేర్ కోర్సులే అనుకుంటారు బయటివాళ్ళు. ఇక్కడి గోడలు, కరెంటు స్తంభాలు చూడండి. జావా, పైథాన్ బోర్డుల పక్కనే పైపింగ్ డిజైన్, ఆయిల్ అండ్ గ్యాస్ సేఫ్టీ కోర్సుల బోర్డులు కూడా ఉంటాయి. గల్ఫ్‌లో రిగ్గుల మీదా రిఫైనరీల్లో ఉద్యోగాల కోసం మన పిల్లలు ఊళ్ళ నుంచి వచ్చి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఈ కోర్సులు చేస్తారు. వాళ్ళకి నేర్పేవాటిలో ఒకటి సేఫ్టీ డేటా షీట్ చదవడం. ప్రతి రసాయనానికీ ఒక పత్రం, అందులో 16 విభాగాలు. ఆ సరుకులో ఏమేం కలిశాయో మూడో విభాగంలో ఉంటుంది. ఒంటి మీద పడితే ఏం చెయ్యాలో నాలుగులో ఉంటుంది. ఆరోగ్యానికి ఏమవుతుందో పదకొండులో, నీళ్ళకీ చేపలకీ ఏమవుతుందో పన్నెండులో రాస్తారు.

మా ఆదివారం స్టడీ సర్కిల్‌కి వచ్చే ఒక తమ్ముడిది రాజోలు వైపు. "అన్నా, కువైట్‌లో డ్రమ్ము ముట్టుకోవాలంటే నాకు ఈ కాగితం చూపించాలంట. మా తోట పక్కన రిగ్గు వేసినప్పుడు మా అమ్మకి ఎవరు చూపించారు?" అని అడిగాడు. ఎవరూ చూపించలేదు. ఎందుకు చూపించలేదు అన్నదానికి ఒక చరిత్ర ఉంది. ఈ భాగం ఆ చరిత్ర గురించే.

1. బావిలో ఏం పోస్తారు

నేల తొలిచేటప్పుడు బావిలోకి ఒక ద్రవాన్ని ఆపకుండా పంపు చేస్తారు. దాని పేరు డ్రిల్లింగ్ మడ్. పేరుకి బురదే కానీ చాలా పనులు చేస్తుంది. తొలిచే బిట్‌ని చల్లబరుస్తుంది. తొలిచిన రాతి ముక్కల్ని పైకి మోసుకొస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కింద ఒత్తిడితో ఉన్న గ్యాస్ ఎగదన్నకుండా తన బరువుతో తొక్కిపెడుతుంది.

ఆ బరువు బెరైటీస్ పొడి వల్ల వస్తుంది. మన కడప వైపు దాన్ని ముగ్గురాయి అంటారు. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్ద నిక్షేపాల్లో ఒకటి. ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ దాన్ని తవ్వి అమ్ముతుంది. అది అమెరికా, గల్ఫ్ దేశాల చమురు బావుల దాకా వెళ్తుంది.

నీళ్ళు, బెంటోనైట్ మట్టి, ముగ్గురాయి పొడితో పాటు ఇంకా చాలా కలుపుతారు. కాస్టిక్ సోడా, పొటాషియం క్లోరైడ్, చిక్కదనానికి పాలిమర్లు, పలచబరచడానికి లిగ్నోసల్ఫోనేట్లు, పైపులు తుప్పు పట్టకుండా కొన్ని, బాక్టీరియాని చంపడానికి కొన్ని. కొన్ని బావుల్లో నీళ్ళకి బదులు నూనెతో చేసిన మడ్ వాడతారు. తవ్వాక రాతిలో దారి తెరవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పంపే పద్ధతి కూడా ఉంది. రాయి మరీ బిగుసుకుని ఉంటే నీళ్ళు, ఇసుక, రసాయనాలు కలిపి విపరీతమైన ఒత్తిడితో కొట్టి రాతిని పగలగొడతారు. ఫ్రాకింగ్ అంటే అదే. ఆ ద్రవానికి వాడే జిగురు చాలావరకు రాజస్థాన్‌లో పండే గోరుచిక్కుడు గింజల నుంచి తీసిందే.

ఇవన్నీ విషాలే అని నేను అనను. ముగ్గురాయి నీళ్ళలో పెద్దగా కరగదు. గోరుచిక్కుడు మనం తినే కూరే. కానీ ముగ్గురాయితో పాటు పాదరసం, కాడ్మియం రావచ్చు. కింది పొరల్లోంచి ఉప్పునీళ్ళు, నూనె పైకి రావచ్చు. బాక్టీరియాని చంపే మందు బాక్టీరియా దగ్గరే ఆగుతుందని హామీ లేదు. ఏది ఎంత కలిపారో తెలిస్తేనే ఏది ప్రమాదమో, ఏది కాదో చెప్పగలం. తెలియనప్పుడు భయం కూడా పుకారుగానే మిగిలిపోతుంది. పుకారు అనగానే అధికారి కొట్టిపారేస్తాడు. గుట్టు వల్ల కంపెనీకి దక్కే మొదటి లాభం ఇదే.

2. కోనసీమ నేల

ఓఎన్‌జీసీ గోదావరి డెల్టాలో తవ్వకాలు మొదలుపెట్టింది 1970ల చివర్లో. రాజమండ్రి కేంద్రంగా నరసాపురం, రాజోలు, అమలాపురం ప్రాంతాలకు విస్తరించింది. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న లంకల నేల అది. చాలా చోట్ల కొద్ది అడుగుల లోతులోనే నీళ్ళు పడతాయి. సముద్రం దగ్గర కాబట్టి ఆ మంచినీటి పొర పలచన, దాని కింద ఉప్పునీరు. అలాంటి నేలలో ఒక గుంట కారితే బోరింగు నీళ్ళలోకి చేరడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

రిగ్గు పడేది కొబ్బరితోటలో, వరిచేలో. పక్కన ఒక గుంట తవ్వి వాడేసిన మడ్, రాతి ముక్కలు అందులో పోస్తారు. వాడ ఉండేది ఎక్కడ? కాలవ గట్టున, మురుగు బోదె పక్కన, ఊరికి పల్లపు వైపున. ఊళ్ళు ఎలా కట్టారో మీకు నేను చెప్పనక్కర్లేదు. నీళ్ళు పల్లానికే వస్తాయి.

కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక గుంట దగ్గర ఆగి, అందులో ఉన్నదేంటని కాపలా మనిషిని అడిగాను. "బురదేనండీ" అన్నాడు. అబద్ధం చెప్పలేదాయన. ఆయనకి చెప్పింది కూడా అంతే. గుంట పక్కన రాత్రంతా కాపలా కాసే మనిషికే అందులో ఏముందో తెలియదు.

ప్రమాదాల చరిత్ర మీకు తెలిసిందే. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. అమెరికా నుంచి నిపుణులు వచ్చాకే ఆరింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ పోవాల్సిన పైపులో తడి గ్యాస్ పోయి, లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గ్యాస్ వాసన వస్తోందని ముందే చెప్పామని ఊరివాళ్ళు అన్నారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నగరంలో చంపింది మంటే కానీ, ఆ మంటకి దారి తీసింది పైపులో ఏం పోతోంది అన్న సమాచారం. పైపులో ఏముందో పైపు పక్కన పడుకున్నవాళ్ళకి తెలియదు.

మంట కనిపిస్తుంది కాబట్టి మంత్రులు వస్తారు, కెమెరాలు వస్తాయి. గుంట కనిపించదు. కోనసీమలో చమురు తవ్వకాల కాలుష్యం మీద కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. 2022లో ట్రిబ్యునల్ ఓఎన్‌జీసీని 22 కోట్ల రూపాయలకు పైగా పర్యావరణ పరిహారం కట్టమని ఆదేశించింది. మొదటి బావి పడ్డాక నలభై ఏళ్ళు దాటాక వచ్చిన ఆదేశం అది.

3. భోపాల్ ఇచ్చిన హక్కు, బావి దగ్గర ఆగిన హక్కు

తెలుసుకునే హక్కు ప్రపంచంలో చట్టంగా మారడానికి వెల కట్టింది మన దేశపు పేదలు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ నుంచి మిథైల్ ఐసోసైనేట్ గ్యాస్ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న బస్తీల జనం వేలల్లో చనిపోయారు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఏం పీల్చారో డాక్టర్లకి తెలియదు. ఏం మందు ఇవ్వాలో తెలియదు. ఆ రాత్రి గ్యాస్‌తో పాటు గుట్టు కూడా చంపింది.

దాని తర్వాత అమెరికా 1986లో ఒక చట్టం చేసింది. ప్రమాదకర రసాయనాలు ఎక్కడ ఎంత ఉన్నాయో, ఎంత బయటికి వదులుతున్నారో చుట్టుపక్కల ప్రజలకు తెలియాలన్నది దాని సారం. మన దేశంలో 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ చేసి 41బి అనే సెక్షన్ పెట్టారు. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీ యజమాని ఆ ప్రమాదాల గురించి, ఆరోగ్య ముప్పు గురించి కార్మికులకి, అధికారులకి, స్థానిక సంస్థకి, చుట్టుపక్కల ప్రజలకి చెప్పి తీరాలని అది చెప్పింది. మంచి సెక్షన్. భోపాల్ బస్తీల శవాల మీద నుంచి వచ్చిన సెక్షన్.

ఇప్పుడు మెలిక చూడండి. అదే ఫ్యాక్టరీల చట్టం గనిని ఫ్యాక్టరీగా లెక్కించలేదు. 1952 గనుల చట్టం ప్రకారం చమురు బావి గని కిందికి వచ్చేది. అంటే మడ్ గుంట ఉన్న రిగ్గుకి 41బి వర్తించలేదు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత కోడ్ కూడా ఫ్యాక్టరీని, గనిని వేరువేరుగానే నిర్వచించింది. గనులకు వేరే నిబంధనలు ఉన్నాయి, గనుల భద్రతా డైరెక్టరేట్ ఉంది. నిజమే. కానీ ఆ నిబంధనల దృష్టి ప్రధానంగా గని లోపల పనిచేసే మనిషి భద్రత మీద ఉంటుంది. కంచె బయట బోరింగు కొట్టుకునే మనిషి మీద కాదు.

అమెరికాలో కూడా ఇదే కథ. 1986 చట్టం కింద పరిశ్రమలు ఏటా విషాల లెక్క చెప్పాలి. ఆ జాబితాలో చమురు, గ్యాస్ బావులు లేవు. భోపాల్ తర్వాత రెండు దేశాలూ ప్రజలకు తెలుసుకునే హక్కు ఇచ్చాయి. రెండు దేశాల్లోనూ చమురు బావి ఆ హక్కుకి అందకుండా మిగిలింది.

4. 2005: ఒకే ఏడాది మూడు సంగతులు

2005 ఆగస్టు 8న అమెరికా అధ్యక్షుడు బుష్ ఇంధన విధాన చట్టం మీద సంతకం పెట్టాడు. తాగునీటి భద్రతా చట్టం నుంచి ఫ్రాకింగ్‌ని దాదాపు పూర్తిగా తప్పించింది ఆ చట్టం. డీజిల్ వాడితే తప్ప అడిగేవాడు లేడు. అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చేనీ అంతకుముందు హాలిబర్టన్ అనే చమురు సేవల కంపెనీకి అధిపతి. అందుకే అక్కడి జనం ఆ మినహాయింపుని హాలిబర్టన్ కన్నం అంటారు.

అదే నెల, 2005 ఆగస్టు 30న, మన పర్యావరణ మంత్రిత్వ శాఖ జీఎస్ఆర్ 546(ఈ) అనే నోటిఫికేషన్ ఇచ్చింది. డ్రిల్లింగ్ మడ్‌ని ఎలా వాడాలో, రాతి ముక్కల్ని ఎక్కడ పారెయ్యాలో చెప్పే నిబంధనలు ఇవి. కార్యకర్తలు వీటిని తప్పకుండా చదవాలి. డీజిల్‌తో చేసిన మడ్ వాడకూడదు. హెక్సావాలెంట్ క్రోమియం వాడకూడదు. ముగ్గురాయిలో పాదరసం కిలోకి ఒక మిల్లీగ్రాము, కాడ్మియం మూడు మిల్లీగ్రాములు మించకూడదు. నేల మీద తవ్వేటప్పుడు పనికిరాని మడ్‌ని నీరు ఇంకని పొర పరిచిన గుంటలోనే వెయ్యాలి, కింద కారిన ద్రవాన్ని పట్టే ఏర్పాటు ఉండాలి. నూనె మడ్ తప్పనిసరైతే తక్కువ విషం ఉన్నదే వాడాలి, ఆ సంగతి మంత్రిత్వ శాఖకో కాలుష్య నియంత్రణ మండలికో తెలియజేయాలి.

చెడ్డ నిబంధనలు కావు. కానీ చివరి వాక్యం మళ్ళీ చదవండి. ఎవరికి తెలియజేయాలి? మంత్రిత్వ శాఖకి, మండలికి. పంచాయతీకి అని లేదు. బోరింగు తాగేవాళ్ళకి అని లేదు. సమాచారం పైకి పోతుంది, కిందికి రాదు.

మూడో సంగతి సమాచార హక్కు చట్టం. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా, గెయిల్ ప్రభుత్వ సంస్థలు కాబట్టి దాని కిందికి వస్తాయి. కానీ 8(1)(డి) అనే తలుపు ఉంది. వాణిజ్య రహస్యం అంటే ఇవ్వక్కర్లేదు. అదే క్లాజులో, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలి అని కూడా ఉంది. అధికారులు మొదటి సగం చదువుతారు. రెండో సగం మనం చదివించాలి.

వాణిజ్య రహస్యం గురించి ఒక మాట. చదువు కొందరి సొత్తు, మిగతావాళ్ళు వింటేనే నేరం అన్న దేశం మనది. మంత్రం వినకూడదన్నారు, శాస్త్రం ముట్టుకోకూడదన్నారు. ఇప్పుడు ఫార్ములా అడగకూడదంటున్నారు. ఒకడి దగ్గర జ్ఞానం, ఇంకొకడి ఒంటి మీద దాని ఫలితం. ఈ పంపకం మనకి కొత్త కాదు. అందుకే రసాయనాల వెల్లడి అనేది పర్యావరణవేత్తల సొంత విషయం కాదు, మన ఉద్యమ విషయం అంటున్నాను.

రహస్యం లేకుండా పరిశ్రమ నడవదా? నడుస్తుంది. అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రం 2010లో ఫ్రాకింగ్ రసాయనాలు చెప్పాలని నిబంధన పెట్టింది. కాలిఫోర్నియా 2013లో చేసిన చట్టం, రసాయనాల పేర్లని వాణిజ్య రహస్యంగా దాచడానికి వీల్లేదంది. ఉత్తర సముద్రంలో తవ్వే యూరప్ దేశాలు 2000 నుంచి ఉమ్మడి పద్ధతి పెట్టుకున్నాయి. సముద్రంలో వాడే ప్రతి రసాయనాన్నీ వాడకముందే పరీక్షించి, ప్రమాదాన్ని బట్టి వరస పెట్టి, అనుమతి తీసుకోవాలి. చేపకున్న రక్షణ మన వాడ అడుగుతోంది, అంతే.

5. ఎవరి నీళ్ళకి ఎంత కాపలా

అమీర్‌పేట నుంచి సనత్‌నగర్ పారిశ్రామికవాడకి షేర్ ఆటోలో పది నిమిషాలు. అక్కడ పర్యావరణ భవన్ ఉంది. ఇప్పుడది తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి. రాష్ట్రం విడిపోకముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మండలి ప్రధాన కార్యాలయం అదే. అప్పట్లో కోనసీమ మనిషి తన గుంట గురించి పై అధికారిని అడగాలంటే రాత్రి బస్సెక్కి ఇక్కడికి రావాలి. ఫైలు ఇక్కడ, గుంట అక్కడ.

ఆ మండలి పేరుతోనే సుప్రీంకోర్టులో ఒక గొప్ప తీర్పు ఉంది. ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు, 1999 జనవరి. హైదరాబాద్ తాగే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల దగ్గర ఒక ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టాలనుకున్నారు. అప్పటికే 1996లో వచ్చిన 111 జీవో ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్య పరిశ్రమల్ని నిషేధించింది. జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన ఆ తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించింది. హాని ఉందని జనం రుజువు చెయ్యనక్కర్లేదు, హాని లేదని పరిశ్రమ పెట్టేవాడే రుజువు చెయ్యాలి అంది.

మిత్రులారా, ఈ సూత్రం మనకి బాగా తెలిసిందే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగారు. దళితులు ముట్టుకున్న చెరువుని పేడ, మూత్రం, పాలు, పెరుగు పోసి "శుద్ధి" చేశారు. ఆ తర్వాత కోర్టుకెళ్ళారు. పదేళ్ళ తర్వాత, 1937లో, బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. అస్పృశ్యుల్ని దూరం పెట్టే అనాది ఆచారం ఉందని వాదించినవాళ్ళు దాన్ని రుజువు చెయ్యలేకపోయారంది. అంటే రుజువు బాధ్యత నీళ్ళు తాగేవాడిది కాదు, అడ్డుపడేవాడిది. 1937లో మహద్ చెరువుకి, 1999లో గండిపేటకి వర్తించిన న్యాయం కోనసీమ వాడ బోరింగుకి ఎందుకు రాలేదు? నగరం తాగే నీళ్ళకి పది కిలోమీటర్ల కాపలా పెట్టిన ప్రభుత్వాలు పేట తాగే నీళ్ళకి ఎంత కాపలా పెట్టాయి?

పైగా ఉన్నదీ తీసేశారు. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అయింది. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో చమురు అన్వేషణ, ఉత్పత్తి రెండూ 'ఏ' కేటగిరీలో ఉండేవి. 2020 జనవరి 16న అన్వేషణ దశని బీ2 కేటగిరీకి మార్చారు. బీ2 అంటే పూర్తి ప్రభావ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అన్వేషణ బావి కూడా బావే. అక్కడా మడ్ పోస్తారు, గుంట తవ్వుతారు. జనం మైకు పట్టుకుని "ఏం పోస్తున్నారు?" అని అడిగే ఒక్క రోజుని ఎత్తేశారు.

ఆ తర్వాతి నెల, 2020 ఫిబ్రవరిలో, తమిళనాడు అసెంబ్లీ కావేరి డెల్టాని రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటిస్తూ చట్టం చేసింది. కొత్త చమురు, గ్యాస్ తవ్వకాలు అక్కడ కుదరవంది. అక్కడి రైతులు, కూలీలు ఏళ్ళ తరబడి రోడ్డు మీద కూర్చుంటే వచ్చిన చట్టం అది. గోదావరి డెల్టాకి అలాంటి చట్టం లేదు. 2025లో పార్లమెంటు చమురు క్షేత్రాల చట్టాన్ని సవరించింది. షేల్ గ్యాస్‌ని కూడా ఆ చట్టం పరిధిలోకి తెచ్చింది. ఉల్లంఘనలకు జైలు తీసేసి జరిమానాలు పెట్టింది.

6. ఇందులో కులం ఎక్కడుంది అనేవాళ్ళకి

ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది. కాలుష్యానికి కులం ఏంటండీ, గాలి అందరిదీ కదా అంటారు.

భూమి దగ్గర మొదలుపెట్టండి. రిగ్గుకి భూమి లీజుకిస్తే డబ్బు పట్టాదారుకి వస్తుంది. 1962 పైపులైన్ల చట్టం ప్రకారం పైపు వేసిన భూమి మార్కెట్ విలువలో పది శాతం, భూమి ఉన్నవాడికే. ఆ తోటలో కొబ్బరికాయలు దింపేవాడికి, ఆ చేలో ఊడ్చే ఆమెకి ఏ చట్టం కిందా పేరు లేదు. పేరు లేనివాడికి నోటీసు రాదు. నోటీసు రానివాడికి సమాచారం రాదు. తోట యజమాని నీళ్ళు పాడైతే క్యాన్ కొనుక్కుంటాడు, అమలాపురంలోనో హైదరాబాద్‌లోనో ఇల్లు కట్టుకుంటాడు. వాడ మనిషి అదే బోరింగు కొడతాడు. గాలి అందరిదే కావచ్చు. తప్పించుకునే దారి మాత్రం అందరిదీ కాదు.

ఇంకో సంగతి. 2022 మే 24న ఆ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. 2019 ఏప్రిల్ 13న, జయంతికి ముందు రోజు, ఇక్కడ పంజగుట్టలో పెట్టిన బాబాసాహెబ్ విగ్రహాన్ని తీసేస్తే అది జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డుకి చేరింది. రెండుసార్లూ మనం రోడ్డు మీదికి వచ్చాం. రావాలి కూడా. ఇవాళ ఆ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ. చెరువు నీళ్ళ కోసం నిలబడ్డ మనిషి పేరున్న జిల్లాలో, నేల కింద ఏం పోస్తున్నారో అడగడం కూడా పేరు కోసం నిలబడడమంత ముఖ్యమే. పేరు బోర్డు మీద ఉంది. హక్కు ఇంకా గుంట దగ్గరికి చేరలేదు.

7. మనం చెయ్యగలిగినవి

కోపం ఒక్కటే చాలదు. కాగితం కావాలి. ఇప్పుడున్న చట్టాలతోనే చెయ్యగలిగినవి చెప్తాను.

ఒకటి. 1974 నీటి చట్టం 25(6) సెక్షన్ ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి తాను పెట్టిన షరతుల రిజిస్టరు ఉంచాలి. కాలుష్యం వల్ల ప్రభావితమయ్యే మనిషి దాన్ని చూడొచ్చు. సమాచార హక్కు కంటే ముప్పై ఏళ్ళ ముందు నుంచి ఉన్న హక్కు ఇది. వెళ్ళి అడగండి.

రెండు. సమాచార హక్కు దరఖాస్తులో "కాలుష్యం గురించి వివరాలు" అని రాయొద్దు. బావి పేరు, గ్రామం, తేదీలు రాయండి. ఆ బావిలో వాడిన మడ్ రకం, కలిపిన రసాయనాల జాబితా, ఒక్కోదాని పరిమాణం, సేఫ్టీ డేటా షీట్లు, గుంటకి వేసిన పొర వివరాలు, గుంట మూసిన తేదీ, చుట్టూ నీళ్ళ పరీక్షల ఫలితాలు, ఇలా విడివిడిగా అడగండి. రహస్యం అంటే 8(1)(డి) రెండో సగం చూపించి అప్పీలు చెయ్యండి.

మూడు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ఒకటో షెడ్యూలు చూడండి. నూనె కలిసిన మడ్ ప్రమాదకర వ్యర్థం. నీళ్ళ మడ్ నుంచి వచ్చిన రాతి ముక్కలు ఆ జాబితాలో లేవు. అందుకే "వాటర్ బేస్డ్" అన్న మాట కంపెనీలకి అంత ఇష్టం. ఫారం 4 వార్షిక రిటర్నులో ఏం రాశారో, గుంటలో ఏముందో పోల్చండి.

నాలుగు. వాడే ప్రమాదకర రసాయనాలు, వదిలే వ్యర్థాల వివరాలు ఫ్యాక్టరీ గేటు బయట బోర్డు మీద పెట్టాలని 2003 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రిగ్గు గేటు దగ్గర కూడా అలాంటి బోర్డు అడగండి. తెలుగులో అడగండి. ఇంగ్లీషులో మాత్రమే ఉన్న బోర్డు మన అమ్మలకి మరో రహస్యమే.

అయిదు. రిగ్గు రాకముందే వాడ బోరింగు నీళ్ళు పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. తవ్వకముందు నీళ్ళు ఎలా ఉండేవో రుజువు లేకపోతే "మీ నీళ్ళు ముందు నుంచీ ఉప్పే" అంటారు. ఉప్పునీటి పొర మీద ఉన్న కోనసీమలో ఈ మాట అనడం మరీ తేలిక.

ఇవి ఇవాళ చెయ్యగలిగినవి. చట్టంగా అడగాల్సినవి మూడున్నాయి. ఒక్కో బావి వారీగా, వాడకముందే రసాయనాల పూర్తి జాబితా పంచాయతీకి, దళితవాడకి తెలుగులో ఇవ్వాలి. పేరుని రహస్యంగా దాచడానికి వీల్లేదు. అన్వేషణ బావులకీ ప్రజాభిప్రాయ సేకరణ తిరిగి పెట్టాలి, అది వాడలోనే జరగాలి. నీళ్ళు పాడైతే కారణం నువ్వు కాదని కంపెనీయే రుజువు చెయ్యాలి.

అమీర్‌పేటలో సేఫ్టీ కోర్సులు చేస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక విన్నపం. ఆ పదహారు విభాగాల కాగితం చదవడం మీకు వచ్చు. మా తరానికి రాదు. పండక్కి ఊరెళ్ళినప్పుడు వాడలో పదిమందిని కూర్చోబెట్టి చదివి వినిపించండి. బయోసైడ్ అంటే ఏంటో, ఎల్‌సీ50 అంటే ఏంటో మన మాటల్లో చెప్పండి. ఉద్యోగం కోసం నేర్చుకున్న చదువే ఊరికి ఆయుధమవుతుంది.

వచ్చే భాగంలో మంగంపేట వెళ్దాం. ముగ్గురాయి మిల్లుల దుమ్ము, ఆ దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, ఆ లెక్క ఎవరి పుస్తకంలో ఉందో చూద్దాం.

జై భీమ్.